ధన్యవాదాల్లో మిగిలిపోయిన మేరీ

ఏ పరిశోధన గ్రంథం చేతికొచ్చినా ముందు కృతజ్ఞతల పేజీ చూడటం నాకు అలవాటు. సాహిత్యంలో డాక్టరేట్ చేస్తున్న రోజుల్లో పట్టుబడిన అలవాటిది. శుద్ధప్రతి రాసిపెట్టిన భార్యలు, ప్రూఫులు దిద్దిన కూతుళ్లు, పేరు కూడా దక్కని శిష్యురాళ్లు అక్కడే కనబడతారు. ఈ అలవాటు నన్ను ఒకరోజు భౌతికశాస్త్రంలోకి లాక్కెళ్తుందని మాత్రం అనుకోలేదు.

కారణం మా పిన్ని కూతురు. తను హైదరాబాదులో ఇంజనీరింగ్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌ని టెస్ట్ చేసే ఉద్యోగం చేస్తుంది. వంతెన కట్టకముందే, కారు తయారుకాకముందే, ఎంత బరువు పడితే ఎక్కడ వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో కంప్యూటర్లో లెక్కగట్టి చూపించే సాఫ్ట్‌వేర్ అది. అందులోకి కొత్త పద్ధతి ఏదైనా వస్తే, కొన్నాళ్లు 'ప్రయోగదశలో ఉంది' అని గుర్తుపెట్టి ఉంచుతారు. దాన్ని నమ్మొచ్చో లేదో తేల్చడం తన పని.

"ఎలా తేలుస్తావే?" అని అడిగానొకసారి.

"ముందు జవాబు తెలిసిన లెక్క ఇస్తానక్కా. ఒక చివర గోడలో బిగించిన దూలం, రెండో చివర బరువు. ఎంత వంగాలో కాగితం మీద సూత్రంతో కట్టొచ్చు. కంప్యూటరూ అంతే చెప్పాలి. తర్వాత దూలాన్ని ఇంకా ఇంకా చిన్న ముక్కలుగా విడగొట్టి చూస్తా, జవాబు ఒకచోట నిలబడుతుందా లేదా అని. అదీ అయ్యాక, ఎవరికీ జవాబు తెలియని లెక్క. అక్కడ వింత అంకె వస్తేనే చిక్కు. తప్పు ప్రోగ్రాంలో ఉందా, నేనిచ్చిన కొలతల్లో ఉందా, లేకపోతే ఆ వస్తువు నిజంగానే అలా ప్రవర్తిస్తుందా?"

ఆ మూడో ప్రశ్న నన్ను పట్టుకుంది. అది అడగాలంటే గణితం తెలియాలి, యంత్రం తెలియాలి, వస్తువూ తెలియాలి. ఆఫీసులో మాత్రం ఆ పనిని "టెస్టింగే కదా" అంటారట. ఈ 'కదా' ఎంత పాతదో చూద్దామని వెతికితే, 1950ల అమెరికాలో, న్యూమెక్సికోలోని లాస్ అలమోస్ ప్రయోగశాల దగ్గర తేలాను.

అక్కడ 1952లో 'మానియాక్' అనే కంప్యూటర్ పని మొదలుపెట్టింది. దానికి అప్పగించిన ముఖ్యమైన లెక్కలు హైడ్రోజన్ బాంబువి. దాన్ని మరోరకంగా కూడా వాడి చూడాలనుకున్నారు ఎన్రికో ఫెర్మీ, జాన్ పాస్తా, స్టానిస్లా ఉలామ్. చేత్తో కట్టలేని లెక్కను యంత్రానికిచ్చి ప్రకృతి ఏం చేస్తుందో చూడటం ఇవాళ మామూలైపోయింది. అప్పటికి ఆ ఆలోచనే ప్రయోగదశలో ఉంది.

వాళ్లు తీసుకున్నది చూడటానికి చిన్న లెక్క. స్ప్రింగులతో వరసగా కలిపిన బరువులు. 16, 32, 64. లాగిన బలానికి తగ్గట్టు అదే నిష్పత్తిలో సాగే స్ప్రింగులైతే జవాబు పాతదే. ఒక రకం కంపనంలో పెట్టిన శక్తి అందులోనే ఉండిపోతుంది. వీళ్లు ఆ నిష్పత్తిని కాస్త చెడగొట్టారు. అప్పుడు ఆ శక్తి మెల్లగా మిగిలిన కంపనాలన్నిటిలోకీ పాకి, నీళ్లలో పంచదార కరిగినట్టు సమంగా పరుచుకుపోవాలని అంచనా.

అలా జరగలేదు. శక్తి కొద్ది కంపనాల మధ్యే తిరుగాడి, కొంతకాలానికి దాదాపు మొత్తం బయలుదేరిన చోటికే వచ్చేసింది.

తప్పు ప్రోగ్రాంలో ఉందా, ప్రకృతే అంతా? మా చెల్లెలి మూడో ప్రశ్నే ఇది. ఇలాంటప్పుడు మొదటి అనుమానం ప్రోగ్రాం రాసిన మనిషి మీదికే పోతుంది. ఆ మనిషి పేరు మేరీ త్సింగూ.

గ్రీకు మూలాలున్న కుటుంబంలో 1928లో మిల్వాకీలో పుట్టింది. బాల్యం కొంత బల్గేరియాలో గడిచింది. 1951లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ తీసుకుంది. లాస్ అలమోస్‌కి దరఖాస్తు పెట్టమని సలహా ఇచ్చింది ఆమెకు గణితం చెప్పిన ఒక మహిళా ప్రొఫెసర్. కొరియా యుద్ధం వల్ల యువకులు దొరక్క, అలాంటి ఉద్యోగాలు అమ్మాయిలకూ తెరుచుకున్న కాలమది. 1952లో చేరి, మొదట చేత్తో లెక్కలు కట్టే విభాగంలో పనిచేసి, తర్వాత మానియాక్ దగ్గరికి మారింది.

1955 మేలో వచ్చిన నివేదిక మొదటి పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పని చేసినవాళ్లు అన్నచోట నాలుగు పేర్లున్నాయి, త్సింగూతో సహా. నివేదిక రాసినవాళ్లు అన్నచోట మూడే. లోపల, లెక్కను ప్రోగ్రాంగా రాసి యంత్రం మీద నడిపినందుకు మిస్ మేరీ త్సింగూకి ధన్యవాదాలు. ఆ సమస్యకు దశాబ్దాల పాటు నిలిచిన పేరు ఫెర్మీ-పాస్తా-ఉలామ్.

ఫెర్మీ 1954 నవంబరులోనే చనిపోయాడు. అయినా రాసినవాళ్లలో ఆయన పేరుంది. ఉండటం న్యాయమే, ఆలోచనలో ఆయన వాటా ఉంది. ఆలోచన ఒక మనిషిని మరణానంతరం కూడా రచయితను చేయగలిగినప్పుడు, ఆ ఆలోచన నిలుస్తుందో లేదో తేల్చిన పని బతికున్న మనిషిని ఎందుకు చేయలేకపోయింది? సాహిత్య విద్యార్థినిగా నాకు ఎదురైన పాత ప్రశ్నే ఇది. కర్తృత్వం ఎవరిది?

ఆమె ఒక్కతే కాదు. 1948లో ఎనియాక్ మీద మాంటే కార్లో లెక్కలకు ప్రోగ్రాం రాసింది క్లారా వాన్ నాయ్‌మన్. 1953లో సిమ్యులేషన్ చరిత్రనే మార్చిన ఒక పద్ధతిని మానియాక్ మీద మొదటిసారి ప్రోగ్రాంగా రాసింది అరియానా రోజెన్‌బ్లుత్. ఆ పత్రానికి ఐదుగురు రచయితలు, వాళ్లలో అరియానా కూడా ఉంది. పద్ధతి మాత్రం మెట్రోపోలిస్ పేరు మీద స్థిరపడింది.

మేరీ విషయంలో ఇంకో మెలిక ఉంది. 1958లో ఆమె జోసెఫ్ మెంజెల్‌ని పెళ్లి చేసుకుంది. 1960ల మొదట్లో జేమ్స్ టక్‌తో కలిసి అదే లెక్కను ఇంకా చాలా ఎక్కువకాలం నడిపి చూసింది. శక్తి తిరిగిరావడం లెక్కలో దొర్లిన పొరపాటు కాదనడానికి అది మరో సాక్ష్యం. ఆ వ్యాసం 1972లో అచ్చయింది, రచయితలు టక్, మెంజెల్. ఈసారి ఆమె రచయిత్రే. కానీ ఆ మెంజెల్, 1955 నాటి మిస్ త్సింగూ ఒకరేనని చదివినవాళ్లకు తెలిసే దారి లేదు. పెళ్లితో ఇంటిపేరు మారితే మనిషి ఎలా తప్పిపోతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఫ్రెంచ్ భౌతికశాస్త్రవేత్త థియెరీ దోషువా 2008లో ఆమె గురించి రాసి, ఆ సమస్య పేరులో త్సింగూని చేర్చాలన్నాడు. ఇప్పుడు చాలామంది నాలుగు పేర్లూ రాస్తున్నారు.

ఇక్కడితో సంతోషించి ఆగలేకపోతున్నాను. లాస్ అలమోస్ బాంబుల కార్ఖానా. 1980లలో రీగన్ 'స్టార్ వార్స్' పథకం లెక్కల్లోనూ మేరీ పనిచేసింది. ఆమెను దేవతను చేయడం నా ఉద్దేశం కాదు. యుద్ధానికి చేసిన పనిని నిలదీయాలన్నా, ముందు ఆమె పని చేసిందని ఒప్పుకోవాలిగా! పేరు చేర్చడం కూడా సగం న్యాయమే. ఆలోచించడం పైమెట్టు, పరీక్షించడం కిందిమెట్టు అన్న అమరిక అలాగే ఉంటే, ఆ కిందిమెట్టు మీదికి ఇంకో అమ్మాయి వచ్చి నిలబడుతుంది.

ఇదంతా మా చెల్లెలికి చెప్పాను. విని, ఒకటే అడిగింది. "ఆవిడ లెక్కని అప్పుడు నమ్మారా అక్కా?"

నమ్మారు. నమ్మకపోతే ఆ నివేదికే లేదు.

కిందటి నెల తను పరీక్షించిన ఒక కొత్త పద్ధతికి నివేదిక రాస్తూ, మొదటి పేజీలో 'పరీక్షించినవారు' అని ఒక వరస చేర్చి తన పేరు పెట్టిందట. పైవాళ్లు దాన్ని ఉంచుతారో తీసేస్తారో ఇంకా తెలియదు. తీసేస్తే మళ్లీ పెడతానంది.