సర్దుకుపోవడం ఎవరి వంతు?

మారుతున్న ప్రకృతికి చిన్న మత్స్యకారులు ఎలా సర్దుకుపోతున్నారన్న ప్రశ్న ఇప్పుడు సెమినార్లలో తరచుగా వినిపిస్తోంది. తెలుగునాట ఈ ప్రశ్న ముందుగా అడగాల్సిన చోటు కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్యనున్న ఈ మంచినీటి సరస్సు గర్భంలో 46 లంక గ్రామాలున్నాయి. వరదొస్తే అవన్నీ దీవులే. చేపల వేట మీద బతికే వడ్డి కులస్తులు అక్కడ ఎక్కువ.

బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెచ్చేవి. ఉప్పుటేరు మిగులు నీటిని సముద్రంలో కలిపేది. నీరు నిండితే వేట, నీరు తీస్తే బయటపడిన నేలలో వరి. సరస్సు ఏటా మారేది, మనుషులూ దానితో మారేవాళ్లు. మగవాళ్లు తాటి దోనెల మీద వెళ్లి వలలు వేసి, మావులు పెట్టి కొర్రమీను, జెల్ల, మట్టగిడస, రొయ్య పట్టుకొచ్చేవాళ్లు. ఒడ్డుకి చేరాక మిగతా పని ఆడవాళ్లది. ఏరడం, ఎండబెట్టడం, తట్టకెత్తుకుని ఊళ్లమ్మట తిరిగి అమ్మడం. బేరం ఆడేదీ, డబ్బో గింజలో కొంగున కట్టుకొచ్చేదీ ఆమే. అయినా వల వేసినవాడికే ‘మత్స్యకారుడు’ అని పేరు. ఆమె అతని భార్య, అంతే.

1970ల నడుమ జలగం వెంగళరావు ప్రభుత్వం సహకార సంఘాలు పెట్టించి, సరస్సులో చేపల చెరువులు తవ్వించింది. పేదల కోసమే అన్నారు. చెరువుకి పెట్టుబడి కావాలి, మేత కావాలి. క్రమంగా చాలా చెరువులు బయటి పెట్టుబడిదారుల చేతుల్లోకి లీజు పేరున వెళ్లిపోయాయి. వాటా ఉన్నవాళ్లు తమ చెరువు మీదే కూలీలయ్యారు. ఈ సంగతి చాలామంది రాశారు. తట్ట సంగతి మాత్రం అంతగా రాయలేదు.

చెరువులో పెరిగే బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లోకెక్కి లారీల మీద కలకత్తాకి, అస్సాముకి వెళ్తాయి. సనత్‌నగర్‌లో ఆదివారం మనం బేరమాడే చేపా ఎక్కువగా ఈ జాతులదే. టన్నుల్లో తూకం, ఫోన్లో ధర. ఆ వ్యాపారంలో తట్టకి చోటు లేదు. చేప జాతి మారితే బేరం చేసే మనిషే మారిపోయింది. దీన్ని ఏ ప్రభుత్వమూ నష్టంగా లెక్కగట్టలేదు, పరిహారమూ అడగలేదు ఎవరూ.

నీటి మాటా అంతే. ఒకప్పుడు కొల్లేటి నీళ్లే తాగేవాళ్లు. పట్టణాల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు, పొలాల మందులు వచ్చి చేరాయి. పైనుంచి మంచినీరు తగ్గేసరికి ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పు ఎగబాకింది. తాగే నీళ్ల కోసం బిందె పట్టుకుని వెతుక్కోవడం ఏ ఇంట్లో ఎవరి పనో మనకి తెలుసు.

1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చెరువు గట్లు పేల్చేశారు. తర్వాత గట్లు మళ్లీ లేచాయి. వాదనలన్నీ కాంటూరుల్లో, ఎకరాల్లో, పక్షుల లెక్కల్లో సాగాయి. సరస్సుని కాపాడాలన్న మాటలో తప్పు లేదు. గట్లు లేచినప్పుడూ, కూలినప్పుడూ ఇల్లు నడపాల్సినామె ఆ లెక్కల్లో లేకపోవడమే తప్పు.

‘సర్దుకుపోవడం’ మనకి కొత్త మాట కాదు. అత్తారింటికి పంపేటప్పుడు ప్రతి ఆడపిల్ల చెవిలోనూ వేసే మాటే. మారింది ఎవరు, మార్చింది ఎవరు అని అడగనివ్వకపోవడం ఆ మాటలోని కిటుకు. కొల్లేటి చరిత్ర ఇకముందు రాసేవాళ్లు వలతోపాటు తట్టనీ, దోనెతోపాటు బిందెనీ సాక్ష్యంగా తీసుకోవాలి. లంకల్లో ఒకప్పుడు తట్టకెత్తిన ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు చెప్పగలిగినప్పుడే వెళ్లి వినాలి.