సేనల కదలిక – యుద్ధ ప్రకటన: బోర్డు ఆటల నియమావళులలో చారిత్రక దృక్పథం

కీలకపదాలు: బోర్డు ఆటలు, సేనల కదలిక, యుద్ధ ప్రకటన, హేగ్ ఒప్పందం, డిప్లొమసీ.

ఉపోద్ఘాతం

రెండు దేశాల మధ్య యుద్ధం ఎప్పుడు మొదలైనట్లు? సేనలు సరిహద్దు వైపు కదిలినప్పుడా, ప్రకటన వెలువడినప్పుడా, తొలి దాడి జరిగినప్పుడా? అంతర్జాతీయ న్యాయశాస్త్రం చర్చించిన ఈ ప్రశ్నకు వ్యూహాత్మక బోర్డు ఆటల నియమావళులు కూడా సమాధానం చెప్పవలసి వచ్చింది. ఆ సమాధానాలను చారిత్రక వ్యాఖ్యానాలుగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1. క్రీగ్‌స్పీల్: ప్రకటన అవసరం లేని యుద్ధం

ప్రష్యా సైనికాధికారి రైస్విట్జ్ 1824లో ప్రచురించిన క్రీగ్‌స్పీల్‌లో ఒక్కో వంతు 2 నిమిషాల యుద్ధకాలానికి సమానం. ఆటగాళ్లు ఆదేశాలు రాసి మధ్యవర్తికి అందిస్తే, అతడు వాటిని అన్వయించి 1:8000 ప్రమాణంలో గీసిన పటంపై దళాలను కదుపుతాడు. ఇందులో యుద్ధ ప్రకటన ప్రసక్తి లేదు. సైనికాధికారుల శిక్షణకు ఉద్దేశించిన ఈ ఆటలో యుద్ధం అప్పటికే మొదలై ఉంటుంది. యుద్ధానికి దిగాలా వద్దా అన్నది రాజు నిర్ణయించే విషయం. అధికారి పని సేనలను నడపడమే.

2. డిప్లొమసీ: కదలికే ప్రకటన

అమెరికాకు చెందిన అలన్ క్యాలమర్ 1954లో రూపొందించి, 1959లో స్వయంగా ప్రచురించిన డిప్లొమసీలో 7 ఐరోపా రాజ్యాలు 1901 వసంతంలో ఆట ప్రారంభిస్తాయి. సంప్రదింపుల తరువాత అందరూ రహస్యంగా రాసిన ఆదేశాలు ఒకేసారి అమలవుతాయి. చేసుకున్న ఒప్పందాలకు కట్టుబడాలన్న నియమం గాని, యుద్ధం ప్రకటించాలన్న నియమం గాని లేదు. ఆదేశం సరిగా రాయకపోయినా దానికి ఒకే అర్థం వచ్చే పక్షంలో అమలు చేయాలి. అర్థం సందిగ్ధమైతే ఆ దళం ఉన్నచోటనే నిలిచిపోతుంది. అంటే నియమం తేల్చేది ఆదేశపు అర్థాన్నే. సరిహద్దుకు చేరిన సేన ఆత్మరక్షణకు వచ్చిందో, దాడికి వచ్చిందో పొరుగు రాజ్యమే ఊహించుకోవాలి.

ఈ సందిగ్ధత 1914 నాటి సంక్షోభాన్ని స్ఫురింపజేస్తుంది. జూలై 30న రష్యా ఆజ్ఞాపించిన సంపూర్ణ సైన్య సమీకరణను జర్మనీ యుద్ధసన్నాహంగానే పరిగణించి, ఆగస్టు 1న రష్యాపై యుద్ధం ప్రకటించింది. మరునాడే జర్మన్ సేనలు తటస్థ దేశమైన లక్సెంబర్గ్‌లో ప్రవేశించాయి. ప్రథమ ప్రపంచయుద్ధ కారణాలపై గ్రంథం రచించిన సిడ్నీ ఫే వద్ద క్యాలమర్ హార్వర్డ్‌లో చరిత్ర అధ్యయనం చేయడం ఈ సందర్భంలో గమనార్హం.

3. యాక్సిస్ అండ్ అలైస్: ప్రకటనే అనుమతి

లారీ హ్యారిస్ రూపొందించిన ‘పసిఫిక్ 1940’ (2009), ‘యూరప్ 1940’ (2010) ఆటలు ఇందుకు భిన్నమైనవి. యుద్ధం ప్రకటించనిదే మరో దేశంపై దాడి చేయరాదు. దాడి కదలికలు మొదలుపెట్టే ముందే ప్రకటన చేయాలి. తనపై దాడి జరగకపోయినా అమెరికా తన మూడవ వంతు చివర యుద్ధం ప్రకటించవచ్చు. పెర్ల్ హార్బర్ దాడి లేకున్నా అమెరికా యుద్ధంలోకి రాగలదన్న చారిత్రక ఊహ ఈ నియమంలో ఇమిడి ఉంది.

అయితే ప్రకటన, దాడి ఒకే వంతులో జరుగుతాయి. రెంటి నడుమ సేనలను కొత్తగా మోహరించుకునే వంతు ప్రత్యర్థికి రాదు. ప్రకటన లాంఛనం మిగులుతుంది. ముందస్తు హెచ్చరిక అనే ప్రయోజనం లోపిస్తుంది.

4. హేగ్ ఒప్పందంతో పోలిక

ఇదే లోపం న్యాయచరిత్రలోనూ కనిపిస్తుంది. 1904 ఫిబ్రవరి 8 రాత్రి పోర్ట్ ఆర్థర్‌లోని రష్యా నౌకాదళంపై దాడి చేసిన జపాన్, ఫిబ్రవరి 10న యుద్ధం ప్రకటించింది. ఈ అనుభవం తరువాత కుదిరిన 1907 హేగ్ ఒప్పందం, స్పష్టమైన ముందస్తు హెచ్చరిక లేకుండా యుద్ధచర్యలు ప్రారంభించరాదని నిర్దేశించింది. ప్రకటనకూ దాడికీ నడుమ 24 గంటల వ్యవధి ఉండాలన్న నెదర్లాండ్స్ ప్రతిపాదన మాత్రం ఆమోదం పొందలేదు. వ్యవధి నిర్దేశించని ఆ హెచ్చరిక ఆచరణలో నామమాత్రమైంది. 1941 డిసెంబరు 7న చర్చలు ముగిశాయని తెలిపే జపాన్ పత్రం అమెరికా ప్రభుత్వానికి అందేసరికి పెర్ల్ హార్బర్‌పై దాడి మొదలైపోయింది. ఆ పత్రంలో సైతం యుద్ధ ప్రకటన లేదు.

ముగింపు

క్రీగ్‌స్పీల్ యుద్ధాన్ని వృత్తి నైపుణ్యంగా, డిప్లొమసీ అపనమ్మకపు పర్యవసానంగా, 1940 ఆటలు రాజకీయ నిర్ణయంగా చూశాయి. నియమం ఎక్కడ మౌనం వహించిందో, ప్రకటనకూ కదలికకూ మధ్య ఎంత కాలం అనుమతించిందో పరిశీలిస్తే ఆ దృష్టి బయటపడుతుంది. ఒప్పందపత్రాలకు చరిత్రకారులు వర్తింపజేసే ఈ పఠన పద్ధతికి ఆటల నియమావళులూ అర్హమైన ఆధారాలే.