గోడ నుంచి పుస్తకంలోకి: వ్యామ్ దంపతులు, గోండు కళ

వార్లీ–మహారాష్ట్ర, మధుబని–బీహార్, గోండు–మధ్యప్రదేశ్. కళా సంస్కృతి నోట్సులో ఇలా జతపరిచి పేజీ తిప్పేస్తాం. ప్రిలిమ్స్‌కు ఇది చాలేమో కానీ, మెయిన్స్‌లో "ఎలా మారింది, ఎందుకు మారింది" అని అడిగితే ఈ జాబితా ఆదుకోదు. అందుకే దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే భార్యాభర్తలు కలిసి బొమ్మలు గీసిన ఒక పుస్తకం ఆధారంగా ఈ కళ చరిత్ర చూద్దాం.

నేపథ్యం

నేను చదువుకుంటున్న భిలాయికి ఈ కథ దూరమేమీ కాదు. 2000 నవంబరు 1 వరకు ఛత్తీస్‌గఢ్ కూడా మధ్యప్రదేశ్‌లో భాగమే. ఈ కళకు పుట్టిల్లయిన దిండోరి జిల్లా మైకల్ కొండలకు అవతల ఉంది.

ఈ చిత్రకారుల్లో ఎక్కువమంది పర్ధాన్లు. గోండుల వంశగాథలు, దేవతల కథలు పాడటం వారి కులవృత్తి. అక్కడ వారి వాద్యం బానా. మన ఆదిలాబాద్ పర్ధాన్లు కిక్రీ వాయిస్తూ ఇలాంటి గాథలే పాడతారు. పోషించే ఇళ్లు తగ్గేకొద్దీ పాటతో బతుకు గడవడం కష్టమైంది.

1982లో భోపాల్‌లో భారత్ భవన్ మొదలైంది. దాని కోసం చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం పల్లెలు తిరుగుతూ, పాటన్‌గఢ్‌లో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే యువకుడు వేసిన గోడబొమ్మలను గమనించింది. ఆయన భోపాల్ వచ్చి కాగితం మీద, కాన్వాస్ మీద గీయడం మొదలుపెట్టారు. బంధువులు ఆయన బాట పట్టారు. ఈ శైలికే 'జన్‌గఢ్ కలమ్' అని పేరు. 2001లో జపాన్‌లోని ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేస్తూ ఆయన అక్కడే కన్నుమూశారు.

రెండు పుస్తకాలు

2006లో చెన్నైకి చెందిన తారా బుక్స్ 'ద నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్' తెచ్చింది. బొమ్మలు దుర్గాబాయి, భజ్జు శ్యామ్, రామ్ సింగ్ ఉర్వేతి వేశారు. చేతితో చేసిన నల్లని కాగితం మీద ఒక్కో రంగునూ విడిగా స్క్రీన్ ప్రింటింగ్ చేసి, చేత్తోనే కుట్టిన పుస్తకమిది.

2011లో నవయాన ప్రచురించిన 'భీమాయన' మామూలు ప్రెస్సులో అచ్చయింది. అయితే అందులోని బొమ్మలన్నీ దుర్గాబాయి, సుభాష్ కలిసి వేసినవే. కథనం శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్‌లది. నీరు, నీడ, ప్రయాణం అనే మూడు విషయాల చుట్టూ అంబేద్కర్ ఎదుర్కొన్న అంటరానితనాన్ని ఇది చెబుతుంది. 1927 నాటి మహద్ చెరువు సత్యాగ్రహం ఇందులో ఉంది.

కామిక్స్‌లో ఉండే గళ్లలో మనుషుల్ని బంధించడానికి ఈ దంపతులు ఒప్పుకోలేదు. ఇళ్ల గోడల మీద, నేల మీద వేసే డిగ్నా ముగ్గులతోనే పేజీని విడదీశారు. మంచి మాటలకు పక్షి ఆకారపు బుడగ, విషం చిమ్మే మాటలకు తేలు తోక ఉన్న బుడగ వాడారు. అంటే గ్రాఫిక్ నవల అనే బయటి రూపాన్ని తీసుకుని, దాని నియమాలను తమ ఇంటి పద్ధతికి మార్చుకున్నారు. దళిత నాయకుడి కథను ఆదివాసీ కళాకారులు చెప్పడం ఇందులో మరో విశేషం.

అసలు ప్రశ్న: పేరు ఎవరిది?

పర్ధాన్ పాటకు ఒకే కర్త ఉండడు, అది సమూహపు జ్ఞాపకం. పుస్తకానికి అట్ట ఉంటుంది, అట్ట మీద పేరు కావాలి. అక్కడ వ్యామ్‌ల పేర్లు పడటంతో వారు 'అనామక జానపద కళాకారులు' కాకుండా పోయారు. దుర్గాబాయికి 2022లో పద్మశ్రీ వచ్చింది.

రక్షణ కూడా రెండు రకాలు. 2023లో గోండు చిత్రకళకు భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. అది ప్రాంతాన్ని, సమూహాన్ని కాపాడుతుంది. ఒక చిత్రకారిణి సొంత బొమ్మను ఎవరైనా కాపీ కొడితే మాత్రం 1957 కాపీరైట్ చట్టమే దిక్కు. ఆ చట్టం వాడుకోవాలంటే డబ్బు, సమయం, తెలిసినవారి సాయం ఉండాలి. అవి లేని కళాకారుడికి హక్కు కాగితం మీదే మిగులుతుంది. జవాబులో జీఐ రాగానే సమస్య తీరిందని రాయకుండా ఈ తేడా చూపిస్తే విశ్లేషణ బలపడుతుంది.

సాధన ప్రశ్న: గిరిజన కళ మార్కెట్లోకి రావడం దాన్ని బతికించిందా, మార్చేసిందా? గోండు చిత్రకళ ఆధారంగా చర్చించండి. (250 పదాలు)