చుట్టపు చూపుగా విద్యుత్తు కారు.. ఆతిథ్యమిచ్చే ఇంటికి 200 యూనిట్ల గండం

మెదక్: దసరాకో, సంక్రాంతికో హైదరాబాద్ నుంచి సొంతూరికి వచ్చే కార్లలో ఇప్పుడు పొగగొట్టం లేనివీ కనిపిస్తున్నాయి. వెనుకటి రోజుల్లో ఇంటికొచ్చిన అల్లుడుగారు కాళ్లు కడుక్కుని మంచినీళ్లు అడిగేవారు. విద్యుత్తు కారులో వచ్చిన అల్లుడుగారు ముందుగా ప్లగ్గు ఎక్కడుందని అడుగుతున్నారు. అత్తవారింట కాదనేవారు ఉండరు. కిటికీలోంచి వైరు లాగి కారుకు తగిలిస్తారు. తెల్లవారేసరికి బండి సిద్ధమవుతుంది. ఖర్చు ఎంతయిందన్న మాట ఎవరూ ఎత్తరు. నెలాఖరున మీటరు రీడింగుకు సిబ్బంది వచ్చినప్పుడు గానీ అసలు సంగతి బయటపడదు.

విద్యుత్తు వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము 2026 డిసెంబరు 31 వరకు పూర్తిగా మినహాయిస్తూ రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఉత్తర్వులిచ్చింది. ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే కారును ఛార్జింగ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్తు శాఖ 2022 జనవరి నాటి మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. కనుక బంధువుల ఇంట కారుకు కరెంటు పెట్టుకోవడం తప్పేమీ కాదు. ఆ ఇల్లు ఏ కేటగిరీలో ఉంది, ఆ నెలలో అప్పటికి ఎన్ని యూనిట్లు కాలాయి అన్నదే ప్రశ్న.

వంద కిలోమీటర్లకు ఎంత?

హైదరాబాద్ నుంచి మెదక్ పట్టణం సుమారు వంద కిలోమీటర్లు. నర్సాపూర్ మీదుగా వచ్చినా, తూప్రాన్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిపై వచ్చి లోపలికి మళ్లినా దూరంలో పెద్ద తేడా లేదు. 2001లో బెంగళూరులో తయారైన రేవా కారు ఒక ఛార్జింగ్‌తో 80 కిలోమీటర్లు నడిచేది. ఆ లెక్కన మెదక్ చర్చి గోపురం కనిపించక ముందే దారిలో ఆగిపోవలసి వచ్చేది. 2020 జనవరిలో మార్కెట్లోకి వచ్చిన నెక్సాన్ విద్యుత్తు కారులో 30.2 యూనిట్ల బ్యాటరీ ఉంది. ఇటువంటి కారు కిలోమీటరుకు 0.15 యూనిట్ చొప్పున ఖర్చు చేస్తుందనుకుంటే మెదక్ చేరేసరికి 15 యూనిట్లు తరుగుతాయి. దాన్ని తిరిగి నింపేటప్పుడు ఛార్జర్‌లో, బ్యాటరీలో వేడిగా పోయేది కూడా ఉంటుంది గనుక ఇంటి మీటరులో సుమారు 17 యూనిట్లు తిరుగుతాయి.

వచ్చినవారు ఇంట్లో కూర్చోరు. ఏడుపాయల వనదుర్గ అమ్మవారి దర్శనం, పోచారం అభయారణ్యం, పక్క ఊళ్లో మేనమామ ఇల్లు, ఇలా మరో వంద కిలోమీటర్లు ఇట్టే అయిపోతాయి. మొత్తం మీద పండుగ సెలవుల్లో ఒక కారు ఆ ఇంటి మీటరుపై 35 యూనిట్ల దాకా వేసిపోతుందని లెక్కగట్టవచ్చు.

గీత దాటితే వెయ్యి పైమాటే

రాష్ట్రంలో తెల్ల రేషన్ కార్డు ఉండి గృహజ్యోతి పథకానికి అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు 2024 మార్చి నుంచి సున్నా బిల్లు వస్తోంది. వాడకం 200 దాటిన నెలలో ఆ రాయితీ ఉండదు. దాటిన యూనిట్లకు మాత్రమే కాదు, మొదటి యూనిట్ నుంచీ బిల్లు చెల్లించాలి. చాలామంది బంధువులకు తెలియనిది ఇదే.

ఫ్రిజ్, రెండు మూడు ఫ్యాన్లు, టీవీ ఉన్న ఇంట్లో నెలకు 180 యూనిట్లు కాలుతున్నాయనుకుందాం. బిల్లు సున్నా. అల్లుడుగారి కారు 35 యూనిట్లు తాగితే లెక్క 215కు చేరుతుంది. 2022-23 టారిఫ్ ఉత్తర్వు ప్రకారం 200 దాటిన గృహ వినియోగదారులకు మొదటి 200 యూనిట్లకు యూనిట్ 5.10 రూపాయలు, ఆపైన 300 వరకు 7.70 రూపాయలు. అంటే 1,020 రూపాయలకు తోడు 115.50 రూపాయలు, మొత్తం 1,135.50. స్థిర ఛార్జీలు, కస్టమర్ ఛార్జీలు, విద్యుత్తు సుంకం దీనికి అదనం. వెళ్లేటప్పుడు కరెంటు ఖర్చుకని మూడు వందలు చేతిలో పెట్టిన అల్లుడు ఉదారంగానే ఇచ్చాననుకుంటాడు. అత్తగారింటికి మాత్రం ఎనిమిది వందలకు పైగా చేతి చమురు వదులుతుంది. 215 దాకా అక్కర్లేదు, 201 అయినా వెయ్యి రూపాయలు దాటుతుంది.

పథకంలో లేని ఇంటికి దెబ్బ ఇంత తీవ్రంగా ఉండదు గానీ అక్కడా మెలిక ఉంది. వంద దాటి 200 లోపు వాడేవారికి మొదటి వంద యూనిట్లకు 3.40, తరువాతి వందకు 4.80 రూపాయలు. 180 యూనిట్లకు 724 రూపాయలు కట్టే ఇల్లు 215కు చేరితే శ్లాబు మారి 1,135.50 అవుతుంది. తేడా 411.50. కారులోకి వెళ్లిన ఒక్కో యూనిట్ దాదాపు 11.75 రూపాయలు పడినట్లు. అప్పటికే 250 యూనిట్లు వాడే ఇంట్లో అయితే అదే 35 యూనిట్లకు పెరిగేది 269.50 మాత్రమే. విచిత్రమేమంటే పొదుపుగా వాడే ఇంటికే చుట్టం ఖరీదైనవాడవుతున్నాడు.

హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 2021 జూన్‌లోనే వంద రూపాయలు దాటింది. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే కారుకు వంద కిలోమీటర్లకు 550 రూపాయలకు పైగా అవుతుంది. ఏ లెక్కన చూసినా కారు యజమానికి మిగులే. ఆ మిగులులో కొంత ఎవరి జేబులోంచి వస్తోందో చూసుకోవడం మర్యాద.

చేయవలసింది కష్టమేమీ కాదు. కారు తగిలించే ముందు గత నెల బిల్లు తీసి చూడాలి. రీడింగు తీసిన తేదీ, అప్పటి అంకె దానిపై ఉంటాయి. మీటరులో ఇప్పుడున్న అంకెలోంచి దాన్ని తీసివేస్తే ఈ నెల వాడకం తెలుస్తుంది. రీడింగు తేదీ మరో రెండు రోజుల్లో ఉంటే తిరుగు ప్రయాణానికి సరిపడా మాత్రమే పెట్టుకుని, మిగిలింది రీడింగు అయ్యాక పెట్టుకోవచ్చు. అప్పుడు యూనిట్లు రెండు నెలలకు పంచినట్లవుతుంది. వేసవిలో కూలర్ తిరిగే ఇంట్లో 200 గీతకు చోటే మిగలదు. అక్కడ కారును దారిలోనే నింపుకోవడం మేలు.

ప్లగ్గు, ఎర్తు, వైరు

కారుతో వచ్చే చిన్న ఛార్జర్ 15 ఆంపియర్ల వరకు లాగుతుంది. అంటే సుమారు 3.3 కిలోవాట్లు. 17 యూనిట్లకు ఐదు గంటలకు పైగా పడుతుంది. వాటర్ హీటరు గంటల తరబడి ఆపకుండా నడిచినట్లు ఇది. ఫ్యాన్లకు, సెల్‌ఫోన్లకు వాడే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకే పనికొస్తుంది. అందులో మార్పిడి పిన్ను పెట్టి కారు తగిలిస్తే సాకెట్టు కరిగి మంటలు లేచే ప్రమాదం ఉంది. ఫ్రిజ్‌కో, గీజర్‌కో వాడే 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గే కావాలి. ఆ సమయంలో అదే లైనుపై గీజర్, ఇస్త్రీపెట్టె వేయరాదు. ఎక్స్‌టెన్షన్ తప్పనిసరైతే 2.5 చదరపు మిల్లీమీటర్లకు తక్కువ కాని రాగి తీగ ఉండాలి, దాన్ని చుట్టగా ఉంచకుండా పూర్తిగా విప్పి పరచాలి. గంట తరువాత ప్లగ్గు మీద చేయి పెట్టి చూసి, కాలుతుంటే వెంటనే ఆపివేయాలి.

పాత పెంకుటిళ్లలో మరో చిక్కు ఎర్తింగ్. గోడకు మూడు రంధ్రాల సాకెట్టు ఉన్నా మూడో దానికి తీగే లేని ఇళ్లు ఎన్నో. కారు ఛార్జర్ దీన్ని వెంటనే పసిగట్టి ఎర్ర దీపం వెలిగించి మొరాయిస్తుంది. కారు చెడిపోయిందని కంగారు పడనక్కర్లేదు. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఎర్తు గుంత ఎండిపోయినా ఇదే జరుగుతుంది. నాలుగు బిందెల నీళ్లు పోస్తే కొన్నిసార్లు దారికొస్తుంది, లేకుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఎర్తు లేకున్నా నడిచేలా తీగలు కలిపే చిట్కాలు కొందరు చెబుతుంటారు. అవి ప్రాణాలతో చెలగాటం. తడి వాకిట్లో కారు రేకును పిల్లలు తాకుతుంటారని మరవరాదు.

సాయంత్రం వేళ ఊళ్లలో వోల్టేజీ పడిపోవడం కొత్త కాదు. 230 ఉండాల్సింది 180కి దిగితే ఛార్జర్ 2.6 కిలోవాట్లకు మించి ఇవ్వలేదు, లేదా పూర్తిగా ఆగిపోతుంది. ఇళ్లకు రాత్రి రేటు వేరుగా లేదు గనుక పైసలు మిగలవు గానీ, పదింటి తరువాత తగిలిస్తే వోల్టేజీ నిలకడగా ఉంటుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్‌పై ఆశ పెట్టుకోవద్దు. 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లే, కారు పది కిలోమీటర్లు నడిస్తే గొప్ప. పైగా ఇంత లోడును ఇంటి ఇన్వర్టర్ భరించలేదు.

బోరు మోటారు జోలికి వద్దు

వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత విద్యుత్తు ఇస్తుండటంతో, పొలం దగ్గర స్టార్టర్ డబ్బా నుంచి తీగ లాగితే సరిపోతుందన్న ఆలోచన కొందరికి వస్తుంది. ఇది నేరం. ఒక అవసరానికి ఇచ్చిన కనెక్షన్‌ను మరో అవసరానికి వాడితే 2003 విద్యుత్తు చట్టంలోని 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటుతో వసూలు చేయవచ్చు, 135వ సెక్షన్ కింద చౌర్యం కేసూ పెట్టవచ్చు. నోటీసు వచ్చేది కారు యజమానికి కాదు, కనెక్షన్ ఎవరి పేరిట ఉందో ఆ రైతుకు.

దారిలో నింపుకోవాలనుకునేవారికి జాతీయ రహదారే దిక్కు. రహదారుల వెంట ప్రతి 25 కిలోమీటర్లకు ఒక ఛార్జింగ్ కేంద్రం ఉండాలని 2022 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. ఏది పనిచేస్తోందో బయలుదేరే ముందే ఫోనులో చూసుకోవాలి. ఇందుకోసం కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ 2022 డిసెంబరు 14న ఈవీ యాత్ర యాప్‌ను తెచ్చింది. వేగంగా నింపే కేంద్రాల్లో పది శాతం నుంచి 80 శాతానికి సుమారు గంట పడుతుంది. 18 శాతం జీఎస్టీ, నిర్వాహకుల లాభం కలిసి యూనిట్ ధర ఇంటికంటే ఎక్కువే. అయినా సున్నా బిల్లు ఇంటిని 200 దాటించి వెయ్యి రూపాయలు వేయడం కంటే అది చవక.

తరచూ వచ్చిపోయేవారు ఆతిథ్యమిచ్చే ఇంటి బిల్లుపై ముద్రించిన కాంట్రాక్ట్ లోడు కూడా చూసుకోవాలి. కిలోవాటు లోడుకు అనుమతి ఉన్న ఇంట్లో 3.3 కిలోవాట్ల ఛార్జర్ ప్రతి పక్షం నడిపితే అదనపు లోడుకు దరఖాస్తు చేసి రుసుము చెల్లించడం తప్పదు. మీటరు, సర్వీసు వైరు ఆ భారాన్ని మోయగలవో లేదో తేల్చవలసింది విద్యుత్తు సిబ్బందే. 1912కు ఫోను చేసి వారి సాయం కోరవచ్చు.