నడక పేరిట పరుగు

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన డిప్సీ పందెమని ఒకటుంది. 1904లో ఇద్దరు మిత్రులు పంతం పట్టి మిల్ వ్యాలీ ఊరి నుంచి కొండ మీదుగా సముద్రపొడ్డు దాకా పరుగెత్తారు. మరుసటి ఏడే అది అందరి పందెమైంది. దారి సుమారు 12 కిలోమీటర్లు. అందులో ఆదిలోనే దాదాపు 700 మెట్లు! మేడమెట్లెక్కితేనే ఆయాసపడే నాకు ఆ అంకె చదువుతుంటేనే మోకాళ్ళు నొప్పెట్టాయి.

మరి ఆడవాళ్ళో? పరుగు మీకు తగదన్నారు పెద్దలు. సరే, పరుగొద్దు, నడకే అనుకుని 1918లో అదే దారిలో ‘ఆడవాళ్ళ నడక’ పోటీ పెట్టారు. పేరుకే నడక సుమండీ! గెలిచిన ఎడిత్ హిక్‌మన్‌కి పట్టింది గంటా ఇరవై నిమిషాల లోపే. ఆ కొండదారిని అంత వేళకి ‘నడిచే’వాళ్ళుంటే నాకు చూపించండి. ఆ ముచ్చటా 1922తో సరి. తర్వాత దాదాపు యాభై ఏళ్ళు, అధికారికంగా ఆడవాళ్ళకి ఆ దారిలో చోటులేదు.

1970ల మొదట్లో తలుపు తెరుచుకుంది. ఇక్కడో తమాషా ఉంది. వయసునీ, ఆడా మగా తేడానీ చూసి కొందరిని కొన్ని నిమిషాలు ముందే వదులుతారు. ముందుగా గీత దాటినవాళ్ళదే గెలుపు. అంచేత బామ్మలూ పిల్లలూ ముందు పోతుంటే, కండలు తిరిగిన కుర్రాళ్ళు వెనకనుంచి ఆపసోపాలు పడుతూ తరుముకొస్తారన్నమాట!

1973లో అందరికన్నా ముందు గీత దాటింది మేరీ ఎట్టా బొయిటానో. వయసు పదేళ్ళు. ఆ వయసు పిల్లని వీధి చివరి కొట్టుకి పంపాలంటే మనం నాలుగుసార్లు ఆలోచిస్తాం. 2010లో గెలిచిన పాపకైతే ఎనిమిదేళ్ళే. 2013లోనూ, 2014లోనూ వరసగా గెలిచినావిడ మాత్రం యాభై దాటిన మనిషి.