కుల్లాయియు పేటాయు: కన్నడ సీమలోని శిరోవేష్టన శిల్పులు

మానవుడు ధరించు వస్త్రములలో తలపై నుండునదియే ముందుగా ఎదుటివాని కంటబడును. రాజెవడో, బంటెవడో, బేహారి యెవడో దూరము నుండియే గుర్తించుటకు పూర్వకాలమున తలపాగాయే గుఱుతుగా నుండెడిది. అయినను తలపాగా ధరించినవారిని గూర్చి చరిత్ర చెప్పినంతగా దానిని కట్టినవారిని గూర్చి చెప్పలేదు. శాసనములలో రాజుల బిరుదులు పంక్తులకు పంక్తులుగా కలవు. ఆ రాజుల తలను కొలిచిన పనివాని పేరు మాత్రము కానరాదు. కన్నడ సీమలో తరతరములుగా నివసించుచున్న తెలుగువారి చరిత్రలో ఈ పేరులేని పనివానికి చిన్నది కాని స్థానమున్నది. ఏలయన, తెలుగుకవులలో సార్వభౌముడనిపించుకొన్నవాడు కన్నడ రాజధానికి పోయినపుడు ఆతని కెదురైన మొదటి కష్టము టోపీ పెట్టుకొనుట.

శ్రీనాథుడు ప్రౌఢదేవరాయల కాలమున, అనగా 15వ శతాబ్ది పూర్వార్ధమున, విజయనగరమునకు పోయెను. అక్కడ గౌడ డిండిమభట్టును వాదమున జయించి, ఆతని కంచుఢక్కను పగులగొట్టించి, కనకాభిషేకము పొందెనని సాహిత్య ప్రసిద్ధి. కాని ఆ జయమునకు ముందు రాజదర్శనము దొరకక ఆతడు పడిన పాట్లను తెలుపు చాటువొకటి తెలుగునాట పండితపామరుల నోట నిలిచినది. తన కలవాటు లేని కుల్లాయిని, నిలువుటంగీని ధరింపవలసి వచ్చెననియు, నచ్చని తిండి తినవలసి వచ్చెననియు వాపోయి, కన్నడ రాజ్యలక్ష్మిని దయచూపుమని కవి అందు వేడుకొనినాడు. ఈ పద్యమును చదివి నవ్వుకొనువారు చాలమంది. అందు దాగిన చరిత్రను గమనించువారు కొందఱే. పొరుగుసీమకు పోయినవాడు మొదట వేషమును మార్చుకొనవలసి వచ్చును, భాషను మాత్రము వెంట గొనిపోవును. శ్రీనాథుడు తలపై కుల్లాయి పెట్టుకొనియు తన బాధను తెలుగు పద్యముననే చెప్పెను.

కుల్లాయి యను మాట పారసీకమున టోపీ యని యర్థమునిచ్చు 'కులాహ్' శబ్దము నుండి వచ్చినది. దానితోడి కబాయి అరబ్బీ 'కబా' నుండి వచ్చినది. ఇవి దక్కనునకు తురుష్కులతోను, గుఱ్ఱములతోను, ఆస్థాన మర్యాదలతోను గూడి వచ్చినవి. విజయనగర రాజులు 14వ శతాబ్ది నడుమ నుండియే 'హిందురాయ సురత్రాణ' బిరుదమును వహించిరి. రెండవ దేవరాయలు, అనగా మన ప్రౌఢదేవరాయలే, ముస్లిము యోధులను కొలువున జేర్చుకొనెను. ఆతని కొలువులోని అహమ్మదుఖానుడు 1439లో రాజధానిలో కట్టించిన కట్టడము నేటికిని హంపిలో నిలిచియున్నది. అట్టి కొలువున కుల్లాయి ధరించుట మతమునకు సంబంధించిన విషయము గాదు. రాచమర్యాద నెఱిగిన పెద్దమనిషికి అది గుఱుతు. విజయనగర వేషమును గూర్చి 1996లో ప్రకటించిన వ్యాసమున ఫిలిప్ వాగొనర్ అను పండితుడు ఈ విషయమునే సోపపత్తికముగా నిరూపించెను. కుల్లాయిని కబాయిని ధరించిన వారు తమ దేవుని విడువలేదు, తమ నుడిని విడువలేదు. విశాలమైన లోకముతో సమానముగా నిలువగల వారమని చాటుకొనిరి.

ఆ కుల్లాయి యెట్లుండెడిదో తెలిసికొనుటకు ఊహ యక్కఱలేదు. తిరుమల ఆలయమున మహాద్వారమును దాటినంతనే తిరుమలదేవి, చిన్నాదేవుల నడుమ చేతులు జోడించి నిలిచిన కృష్ణదేవరాయల లోహప్రతిమ కన్పట్టును. ఱొమ్మున వస్త్రము లేదు. నడుమున ధోవతి, తలపై మాత్రము నిడుపైన కుల్లాయి. దేవుని యెదుట కబాయిని విడిచిన రాజు కుల్లాయిని విడువకుండుట గమనింపదగినది. పెనుగొండ సీమలోని లేపాక్షి వీరభద్రాలయమున 16వ శతాబ్ది చిత్రములు కలవు. అందు విరుపణ్ణయు ఆతని పరివారమును ఇట్టి పొడవు టోపీలతోడనే నిలిచియున్నారు. 1520 ప్రాంతమున విజయనగరమును జూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, కృష్ణరాయలు జరీ పనిగల టోపీని ధరించెననియు, అది గలీషియా శిరస్త్రాణము వలె నుండెననియు, దానిపై సన్నని పట్టుబట్ట కప్పబడి యుండెననియు వ్రాసెను. రాజు పాదములకు మాత్రము చెప్పులు లేవని కూడ ఆతడు గుర్తించెను. లోహమున పోసినవాడును, పైకప్పున చిత్రించినవాడును, కంటితో చూచి వ్రాసినవాడును ఒకే రూపమును జెప్పుచున్నారు గనుక సందేహమునకు తావులేదు.

ఇక పనివాని సంగతి. 1535 ప్రాంతమున విజయనగరమున నున్న గుఱ్ఱపు వర్తకుడు ఫెర్నావో న్యూనిజ్ వ్రాసిన మాటలలో ఆ పనివాని నీడ కన్పట్టును. రాజు ఒకసారి కట్టిన బట్టను మఱల కట్టడనియు, విడిచిన బట్టలను లెక్క వ్రాసి భద్రపఱచుటకు ప్రత్యేకోద్యోగులు గలరనియు ఆతడు చెప్పెను. రాజు ధరించు జరీటోపీల వెల ఒక్కొక్కటి ఇరువది క్రుజాదోలు. క్రుజాదో పోర్చుగీసుల బంగారు నాణెము. తలనుండి తీసిన టోపీని రాజు మఱల పెట్టుకొనడట! ఈ మాటలను సాధారణముగా రాజవైభవమునకు నిదర్శనముగా చదువుదురు. పనివాని వైపు నుండి చదివినచో అర్థము మాఱును. ప్రతిదినము క్రొత్త టోపీ కావలెనన్న ఏడాది పొడవున పని యాగరాదు. ఒకే తల, ఒకే కొలత, కాని ప్రతిసారియు క్రొత్త జరీ, క్రొత్త కుట్టు. నేటి టోపీ తప్పినచో రేపు సరిదిద్దుటకు వీలులేదు, ఏలయన రేపు దానిని పెట్టుకొనువారు లేరు.

పాగాకును టోపీకిని గల భేదము నెఱిగిననే గాని ఈ పని విలువ తెలియదు. పాగా పొడవైన బట్ట. అది యే తలకైనను సరిపోవును. బిగువైనచో సడలింపవచ్చును, వదులైనచో మఱియొక చుట్టు చుట్టవచ్చును. టోపీ యట్లు గాదు. అది కత్తెరతో కోసి సూదితో కుట్టిన వస్తువు. వ్రేలెడు తగ్గినచో నెత్తికెక్కదు, వ్రేలెడు మించినచో కనుబొమలపైకి జాఱును. కుల్లాయి వంటి నిడుపుటోపీకి మఱియొక చిక్కు కలదు. అది నిటారుగా నిలువవలెను. బరువు తక్కువగా నుండవలెను. రాజు తలవంచి దేవునికి మ్రొక్కునపుడు క్రింద పడరాదు. జరీబట్ట మెఱుపునే జూచువారికి లోపలి పొరలు కనబడవు. టోపీని నిలిపినవి ఆ పొరలే.

1565లో రాక్షసి తంగడి యుద్ధానంతరము విజయనగరము పాడువడెను. రాజధాని పెనుగొండకును, పిదప చంద్రగిరికిని మాఱెను. తిరుమలలోని వేంకటపతిరాయల ప్రతిమను జూచినచో కుల్లాయి కూడ ఆ రాజులతో వచ్చెనని తెలియును. తరువాత వేషములు మాఱి కుల్లాయి కొలువుల నుండి తొలగెను. అయినను రాయలసీమలో ఆ మాట చావలేదు. అనంతపురము జిల్లా గూగూడులో మొహఱ్ఱము నాళ్లలో హిందువులును ముస్లిములును కూడి కొలుచు స్వామి పేరు కుల్లాయిస్వామి. ఆ సీమలో కుల్లాయప్ప, కుల్లాయమ్మ యను పేర్లు నేటికిని ఇంటింట వినవచ్చును. రాజుల తలపై నుండి దిగిన మాట ప్రజల పేర్లలో నిలిచినది.

కన్నడ సీమలో కుల్లాయి స్థానమున పాగా నిలిచెను. ఒడెయర్ల యాస్థానమున అది మైసూరు పేటాగా రూపొందెను. పట్టుబట్టను ఏటవాలు మడతలుగ బిగించి చుట్టి, జరీ అంచు నుదుటికి పైగా మెఱయునట్లు దీర్చుట దీని పద్ధతి. పూర్వము దీనిని ధరించువాని తలపైననే చుట్టెడివారు. తరువాత తల కొలతగల దిమ్మపై చుట్టి, మడతలు కదలకుండ కుట్టి, టోపీవలె తీసిపెట్టుకొనుటకు వీలగునట్లు సిద్ధము చేయుట వాడుకకు వచ్చెను. ఈ మార్పుతో పాగాయును టోపీయును ఒక్కటియైనవి, కుల్లాయి కుట్టినవాని చిక్కు పేటా కట్టువానికి సంక్రమించినది. చుట్టుటలో బిగువు, కొలతలో నేర్పు రెండును ఒకే చేతికి కావలసి వచ్చినవి. 1912లో నాల్వడి కృష్ణరాజ ఒడెయరు మైసూరున పట్టునేత కార్ఖానాను నెలకొల్పిన పిదప మైసూరు పట్టునకు, జరీకి దేశమంతట పేరు వచ్చెను. నేత యెంత మేలైనను, తలపై నిలుపు చేయి లేనిచో పేటా వట్టి బట్టయే.

మైసూరు సీమలో తెలుగు పరాయిగ నుండలేదు. ఒడెయర్ల సేనాపతి కళువె వీరరాజు మహాభారతమును తెలుగు వచనమున రచించెను. ఈ కాలమున మైసూరు పేటా యనగానే తలంపునకు వచ్చు మహనీయుడు మోక్షగుండము విశ్వేశ్వరయ్య. ఆయన పూర్వులు మార్కాపుర ప్రాంతములోని మోక్షగుండము నుండి పోయి చిక్కబళ్ళాపుర సీమలోని ముద్దేనహళ్ళిలో స్థిరపడిన తెలుగువారు. ఆయన 1908 నాటి మూసీ వఱదల పిమ్మట హైదరాబాదు రక్షణకు ప్రణాళికను రచించెను. 1912 నుండి 1918 వఱకు మైసూరు దివానుగా నుండెను. 1955లో భారతరత్నమై, నిండు నూఱేండ్లు దాటి 1962లో పరమపదించెను. ప్రసిద్ధములైన ఆయన ఛాయాచిత్రములలో మడత చెదరని పేటా కానవచ్చును. కన్నడిగులు ఆయనను తమవానిగ గౌరవింతురు, తెలుగువారును అట్లే. ఆ పేటా క్రింద రెండు సీమల గౌరవమును ఇమిడియున్నది. తిరుత్తణిలో పుట్టిన తెలుగు బిడ్డ సర్వేపల్లి రాధాకృష్ణయ్య 1918 నుండి 1921 వఱకు మైసూరు విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రమును బోధించెను. తరువాత రాష్ట్రపతియైనను ఆయన తెల్లని తలపాగాను విడువలేదు. శ్రీనాథుడు కన్నడ సీమలో విసుగుతో పెట్టుకొన్నదానిని ఐదు శతాబ్దులు గడచునప్పటికి తెలుగువారు ఇష్టముతో ధరించిరి. స్థిరనివాసమన నిదియే.

తలకట్టు పనికి పొరుగుసీమలలో గౌరవము దొరకకపోలేదు. మహారాష్ట్రమున పుణేరీ పగడీకి 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. తెలుగుసీమలో తేలియా రుమాలు తలకు చుట్టుకొనుటకే ప్రసిద్ధి చెంది, ఒకప్పుడు అరబ్బు దేశములకును ఎగుమతి యయ్యెను. పుట్టపాక తేలియా రుమాలునకు 2020లో అట్టి గుర్తింపే వచ్చినది. ఇట్టి గుర్తింపులు ఊరికి, వస్తువునకు వచ్చును. ఒక్కొక్క పనివాని నేర్పును గుర్తించు భారము మాత్రము కొనువారిపైననే యున్నది.

నేడు కర్ణాటకమున సన్మానమన్నచో శాలువ, పూలదండ, మైసూరు పేటా తప్పవు. అందుచే పేటా అంగళ్లకు పని దొరకుచునే యున్నది. కాని సన్మానపు పేటాను కొనువాడొకడు, ధరించువాడు మఱియొకడు. ధరించువాని తల కొలత అంగడికి చేరదు. సభలో పెద్దలు పేటాను తొడుగగానే అది చెవులపైకి దిగుటయో, నడినెత్తిన నిలిచి యూగుటయో సభ్యులకు తెలిసినదే. సన్మానితుడు ఒక చేతితో దండను, ఒక చేతితో పేటాను పట్టుకొని కృతజ్ఞతలు చెప్పును! ఇందు కట్టినవాని తప్పు లేదు, కొలత నడుగని వారిదే తప్పు. పాత అంగడిలోని నేర్పరి యొద్దకు పోయినచో ఆతడు మొదట నడుగు ప్రశ్న రంగును గూర్చి గాదు, వెలను గూర్చి గాదు, "ఎవరి తలకు?" అని. ఆ ప్రశ్నలోనే ఈ విద్య యంతయు కలదు.

మన భాష ఈ పనివానికి కొంత యన్యాయము చేసినది. మోసగించుటను 'టోపీ వేయుట' యందుము. మఱియొక వైపున, మిక్కిలి గొప్పదానిని మెచ్చుకొనుటకు 'కలికితురాయి' యందుము. ఆ తురాయి తలపాగాను అలంకరించునదే. నింద టోపీకి, పొగడ్త తురాయికి దక్కినవి గాని, రెంటిని ధరింపదగినవిగ జేసిన చేతికి ఏదియు దక్కలేదు.

ఈ లోటును తీర్చుట కష్టము గాదు. బెంగుళూరు, మైసూరు, బళ్ళారి, కోలారు ప్రాంతముల తెలుగు సంఘములు ప్రతి సంవత్సరము సన్మానములు చేయుచున్నవి. పేటాను తెచ్చునపుడు దానిని కట్టినవాని పేరును సభలో చెప్పవచ్చును. ఆతడు వాడు మాటలను, మడతల పేర్లను, కొలతల లెక్కను వ్రాసి యుంచవచ్చును. ఆ మాటలలో తెలుగు, కన్నడము, ఉర్దూ, మరాఠీ కలిసియుండును. వానిని వేఱుచేయనక్కఱలేదు, యథాతథముగా వ్రాసికొన్న చాలును. అల్పసంఖ్యాక భాషా పాఠశాలలలో చదువు తెలుగు బిడ్డలు ఆ మాటలను సేకరించినచో, తాము పుట్టిన సీమ చరిత్రను, తమ యింటి భాషను ఒక్కసారిగ నేర్చినవారగుదురు. విజయనగరపు కుల్లాయిని కుట్టినవాని పేరు ఇక తెలియదు. నేడు పేటా కట్టుచున్నవాని పేరైనను రేపటివారికి తెలియునట్లు చేయుట ఈ తరమువారి విధి.