తుక్కు కొట్టు నుంచి రోడ్డెక్కిన బండ్లు

2005 జూలై 1. హైదరాబాద్. తొలకరి రోజులు.

మూడు చక్రాల సైకిలొకటి నిలబడి ఉంది. చక్రం ఒక్కటే 17 అడుగులు. ఆరడుగుల మనిషి పక్కన నిలబడితే తల ఇరుసు దాకా రాదు. కింది నుంచి పై కొస వరకు 41 అడుగుల 7 అంగుళాలు. పొడవు 37 అడుగుల 4 అంగుళాలు. నిలబెట్టి ఫొటో తీస్తే చాలదు. తొక్కి చూపించాలి. ఆ చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి 53 అడుగులు జరుగుతుంది. ఈలోగా ఒక్క వెల్డింగు విడిచినా, ఒక్క బేరింగు పట్టేసినా, ఒక్క చక్రం నాలుగంగుళాలు పక్కకు లాగినా, అంత ఎత్తు ఇనుమూ ఒక వైపుకు ఒరుగుతుంది. ఒరిగితే పట్టి ఆపడం ఎవరి తరమూ కాదు.

తొక్కేది కట్టిన మనిషే. పేరు కన్యబోయిన సుధాకర్.

చక్రం కదిలింది.

ఒరగలేదు. ఆ రోజు ఆ బండి హైదరాబాద్ నేల మీద నడిచింది. ప్రపంచంలోకెల్లా పెద్ద మూడు చక్రాల సైకిలుగా గిన్నిస్ రికార్డులకెక్కింది. కొలతలన్నీ పుస్తకంలో పడ్డాయి. పుస్తకంలో పడనిది ఒకటుంది. 17 అడుగుల రిమ్ము ఏ దుకాణంలో దొరుకుతుంది?

ఎక్కడా దొరకదు.

ఈ చిక్కు ఎలాంటిదో కాగజ్‌నగర్ లారీ షెడ్లకు బాగా తెలుసు. అక్కడ పేపరు మిల్లు 1942లో కాగితం తీయడం మొదలుపెట్టింది. వెదురు, ఆ తర్వాత సుబాబుల్, జామాయిల్ కర్ర. అడవి దారుల్లో కర్ర మోసిన బండికి కమాన్ పట్టీలు విరుగుతాయి, హౌసింగులు పగులుతాయి, ఇరుసులు తెగుతాయి. కంపెనీ పార్టు వచ్చేదాకా బండిని చెట్టు కింద నిలబెడితే ఆ నెల కిస్తీ ఎవరు కట్టాలి? అందుకే మేస్త్రీ తుక్కు కొట్టు దారి పడతాడు.

తుక్కు కొట్టులో మధ్యాహ్నం వేళ నిలబడి చూడండి. రేకుల కప్పు కాలిపోతుంటుంది. మాడిన ఆయిలు వాసన. తుప్పు పొడి చెమటకు అంటుకుని మెడ మీద ఎర్రగా కారుతుంది. ఒక మూల గేరు బాక్సులు, ఒక మూల స్టీరింగు రాడ్లు, మధ్యలో ఏ బండివో తెలియని డ్రమ్ములు. తెలిసిన మేస్త్రీ ఇక్కడ పార్టును పేరుతో అడగడు. టేపు తీస్తాడు. బోల్టు రంధ్రాల మధ్య దూరం కొలుస్తాడు. షాఫ్టు మీద పళ్లు లెక్కపెడతాడు. పోత ఇనుప ముక్కను ఎత్తి పట్టుకుని చిన్న సుత్తితో ఒక్క దెబ్బ తడతాడు. ఖంగుమంటే ముక్క గట్టిది. బొంగురుగా మోగితే లోపల ఎక్కడో పగులుంది. ఆ పగులు కంటికి కనబడదు. చెవికి పట్టకపోతే ఘాట్ రోడ్డు మీద బయటపడుతుంది.

సుధాకర్‌కు ఈ విద్య బడి రోజుల నుంచే పట్టుబడింది. మొదట సైకిళ్లు. తర్వాత మోటార్లు. చేతికి దొరికిన పాత సామాను కోసి, అతికి, నడిపి చూడటం. ఇంట్లో పిల్లాడు ఇలా ఇనుము పోగేస్తుంటే చుట్టుపక్కలవాళ్లు ఏమనుకుంటారో ప్రతి ఊళ్లోనూ తెలిసిందే. పోగు పెరిగింది. షెడ్డు చాల్లేదు. 2010లో బహదూర్‌పురాలో, జూపార్కుకు దగ్గర్లో, ఆ పోగంతా తలుపులు తెరుచుకుని జనం ముందుకొచ్చింది. సుధా కార్స్ మ్యూజియం.

లోపలికి అడుగు పెట్టినవాడి కళ్లు రెండు క్షణాలు తడబడతాయి. క్రికెట్ బ్యాటు. దానికి చక్రాలు. వంకాయ. దానికీ చక్రాలు. కప్పూ సాసరూ, కెమెరా, బర్గరు, ఎత్తు మడమల చెప్పు, స్నూకర్ బల్ల, మహిళా దినోత్సవానికి హ్యాండు బ్యాగు, పిల్లల పండక్కి పెన్సిలు, ఎయిడ్స్ మీద జనాన్ని మేల్కొల్పడానికి కండోం, వీటన్నిటికీ ఇంజిను ఉంది, స్టీరింగు ఉంది, కూర్చోవడానికి సీటుంది, తాళం తిప్పితే పొగ వదిలి ముందుకు దూకే దమ్ముంది. పిల్లలు నవ్వుతారు. మెకానిక్కు మాత్రం నవ్వడు. వంగి కిందికి చూస్తాడు. వంకాయ కడుపులో ఇంజిను ఎక్కడ కూర్చుంది? గాలి ఎటు నుంచి తగులుతోంది? చెప్పు మడమ దగ్గర బరువంతా పడితే ముందు చక్రాలు లేవకుండా ఎలా ఆపారు?

ఆకారం ఏదైనా బండికి కావలసినవి అవే. బరువు మోసే చట్రం. తిరిగే చక్రం. ఆగే బ్రేకు. ఈ మూడూ కుదిరాకే రేకు. తొందరపడి ముందు రేకు కొట్టినవాడు తర్వాత ఇంజిను దూర్చడానికి ఆ రేకునే కోసుకుంటాడు.

ఆ తర్వాత సుధాకర్ చూపు ఓ పాత ఫోర్డు మీద పడింది.

1922 నాటి ఫోర్డు టూరర్. మోడల్ టీ కుటుంబంలోది. అసలు బండి పొడవు పదకొండడుగుల పైచిలుకు. 2.9 లీటర్ల ఇంజిను, 20 గుర్రాల బలం. సుధాకర్ కట్టింది దాని నకలు. కానీ పొడవు 50 అడుగులు. వెడల్పు 19. ఎత్తు 26.

కాగితం మీద గీత గీయడం తేలిక. నాలుగింతలకు మించి పెంచితే సరి. కానీ ఇనుము కాగితం మాట వినదు. పొడవు, వెడల్పు నాలుగింతలైతే రేకు పదహారింతలు పడుతుంది. రేకు మందం కూడా అదే పాళ్లలో పెంచితే బరువు 64 ఇంతలు. పెంచకపోతే అంత పెద్ద పలక మధ్యలో కుంగి, గాలికి డప్పు కొట్టినట్టు మోగుతుంది. కాబట్టి లోపల చానళ్లు, యాంగ్లర్లు, అడ్డపట్టీలు. ప్రతి అడ్డపట్టీ మళ్లీ బరువే. ఒక పక్క వెల్డింగు వేడికి రేకు లాగుతుంది. లాగిన చోట సుత్తి, కింద దిమ్మె. ఇంకో పక్క లాగుతుంది. హెడ్‌లైటు డొప్ప కొనలేరు, కొట్టాలి. తలుపు గడియ కొనలేరు, కోయాలి. కొలత పోతే ముక్క తుక్కుకే. ఎన్నిసార్లు పోతుందో ముందు ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే ఇదే మోడల్ టీ కడుపులోంచి ఇంకో బండి పుట్టింది.

అమెరికాలో మోడల్ టీ కొన్న రైతులకు వెనక సీటుతో పని లేదు. గడ్డి మోపులు వేయాలి, పాల క్యాన్లు వేయాలి. కమ్మరి దగ్గరికి తోలుకెళ్లారు. వెనక భాగం కోయించారు. వడ్రంగి చేత కర్ర పెట్టె కట్టించారు. ఎవరి బండికి వాళ్ల కొలత. ఇది చూసి చూసి కంపెనీయే దిగొచ్చింది. 1925 ఏప్రిల్ 15న ఫోర్డు తన రెండు సీట్ల మోడల్ టీకి వెనక ఇనుప తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. పికప్ ట్రక్కు ముందు షెడ్డులో పుట్టింది. ఫ్యాక్టరీకి తర్వాత చేరింది. పాత పికప్‌ను మళ్లీ కట్టాలని టేపు చేతపట్టే మేస్త్రీ చేస్తున్నది ఆ మొదటి కమ్మరి పనే.

2020 మార్చి 24 రాత్రి. టీవీలో ప్రధాని ప్రకటన. అర్ధరాత్రి నుంచి దేశమంతా తాళం.

తెల్లారేసరికి విడి భాగాలు అమ్మే రాణిగంజ్ బజారులో షట్టర్లు దిగి ఉన్నాయి. బేరింగు కావాలన్నా, నట్టు కావాలన్నా అడిగే మనిషి లేడు, అమ్మే మనిషి లేడు. ఎండ ముదురుతోంది. పోలీసు లాఠీ చప్పుడు తప్ప రోడ్డు మీద ఇంకో చప్పుడు లేదు. ఇలాంటప్పుడు బండి కట్టడం ఎవరికి సాధ్యం?

ఏళ్ల తరబడి తుక్కు దాచుకున్నవాడికి.

పది రోజులు. అంతే పట్టింది. ఏప్రిల్‌లో ఓ గుండ్రటి బండి రోడ్డెక్కింది. ఒంటి నిండా ముళ్లు. కరోనా వైరస్ ఆకారం. ఒక్కరే పట్టే సీటు, 100 సీసీ ఇంజిను, ఆరు చక్రాలు, గంటకు 40 కిలోమీటర్ల వేగం. ఇంట్లోనే ఉండండని జనానికి చెప్పడానికి సుధాకర్ దాన్ని నడిపించాడు. సామాను పోగేయడం పిచ్చి కాదని ఆ పది రోజులు తేల్చేశాయి.

ఇప్పుడు మళ్లీ కాగజ్‌నగర్. హైదరాబాద్‌కు దాదాపు 300 కిలోమీటర్లు. 2014లో మిల్లు ఆగింది. 2018లో జేకే పేపర్ చేతికొచ్చాక మళ్లీ తిరిగింది. ఆ మధ్య నాలుగేళ్లు కర్ర లేదు, కిరాయి లేదు. అలాంటి కాలం దాపురించినప్పుడు మొదట తూకానికి పోయేది నడవని పాత బండే. మహీంద్రా కంపెనీ 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. 1960లలో ముక్కు లేని ఎఫ్‌సీ రకం బండ్లు తీసింది. ఆ కాలపు జీపు, పికప్ ఏదైనా మీ ఊళ్లో ఏ వేప చెట్టు కిందో, ఏ రైసు మిల్లు వెనకో ఇంకా ఉండొచ్చు. తొట్టి అడుగు చిల్లులు పడి ఉంటుంది. మడ్‌గార్డుల్లో పిచ్చి తీగ అల్లుకుని ఉంటుంది. ఇంజిను పట్టేసి ఉంటుంది. కొన్నవాడు ఉత్సాహంగా గ్యాస్ కట్టర్ ముట్టిస్తాడు. చట్రం రెండడుగులు పొడిగిద్దాం, డీజిల్ ఇంజిను దించుదాం, వెడల్పు టైర్లు వేద్దాం.

కట్టర్ ఆపాలి. అక్కడే ఆపాలి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన మూల లక్షణాలు మారేలా బండిని మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. సుధాకర్ బండ్లు అమ్మకానికి కావు, మ్యూజియంలో చూపడానికి. మీ పికప్ రోడ్డెక్కాలంటే దారి వేరు. 2021 జూలైలో కేంద్రం పాతకాలపు బండ్లకు విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి ఉండాలి. సొంత వాడకపు బండి అయి ఉండాలి. చట్రం, బాడీ, ఇంజిను మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. అప్పుడు నంబరు ప్లేటు మీద వీఏ అక్షరాలతో ప్రత్యేక వరుస వస్తుంది. రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. ఆ తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. అలాంటి బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, రిపేరుకు, ఇంధనం పోయించుకోవడానికి తీయొచ్చు. రోజువారీ పనికి, కిరాయికి తోలకూడదు.

కాబట్టి పాత పికప్ మీద చెయ్యి వేసేవాళ్లకు ఒక విన్నపం. మొదట ఆర్‌సీ పుస్తకం వెతకండి. బీరువా అడుగున, తాతగారి ట్రంకు పెట్టెలో, ఎక్కడున్నా సరే. తర్వాత చట్రం మీద తుప్పు తుడిచి, పల్చటి కాగితం పరిచి, పెన్సిల్‌తో రుద్ది నంబరు ముద్ర తీసుకోండి. ఆ రెండూ పట్టుకుని ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి ఆ బండి సరకు బండిగా నమోదైందా, సొంత బండిగా నమోదైందా కనుక్కోండి. సరకు బండయితే ఈ నిబంధన కిందికి వస్తుందో రాదో అక్కడే నోరు తెరిచి అడగండి. కోసే పని, అతికే పని ఆ జవాబు చేతికొచ్చాకే పెట్టుకోండి. విప్పిన ప్రతి అసలు పార్టునూ, పనికిరాదనిపించినా సరే, చీటీ కట్టి దాచండి. కొత్తది కొట్టించాలంటే లేత్ మేస్త్రీకి చూపించాల్సిన కొలత దాని మీదే ఉంది.